మందుగా మారిన అణులోహాలు

ఏ ఊరి బజారులో చూసినా “రేడియం వర్క్స్” అని బోర్డు కట్టుకున్న చిన్న దుకాణం ఒకటి కనిపిస్తుంది. స్కూటరు నంబరు ప్లేటుకీ, ఆటో వెనక దేవుడి పేరుకీ అతికించే మెరుపు కాగితాన్ని మనవాళ్ళు రేడియం అంటారు. నిజానికి ఆ కాగితంలో రేడియం రవ్వంత కూడా లేదు. దీపం వెలుతురు పడితే దాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపే ప్లాస్టిక్ పొర అది, అంతే. అసలు రేడియం ఒక లోహం. తెల్లగా వెండిలా ఉంటుంది. ఎవరూ వెలిగించకపోయినా రాత్రీ పగలూ తనంతట తానే కిరణాలు వెదజల్లుతూ ఉంటుంది. వందేళ్ళ కిందట దాన్ని రంగులో కలిపి, గడియారాల అంకెలు చీకట్లో కనిపించేట్టు దిద్దేవారు.

అమెరికాలో ఆ దిద్దే పని ఆడపిల్లలది. కుంచె మొన చెదిరినప్పుడల్లా పెదవుల మధ్య పెట్టి మొన తీర్చుకోమని పని నేర్పినవాళ్ళే చెప్పారు. అలా రోజూ కొంచెం కొంచెంగా రేడియం వాళ్ళ కడుపులోకి పోయింది. కొన్నేళ్ళకు పళ్ళు ఊడిపోయాయి, దవడ ఎముకలు పాడయ్యాయి, కాళ్ళ ఎముకలు పెళుసుబారాయి. ఎందరో చిన్న వయసులోనే పోయారు. 1927లో న్యూజెర్సీలో అయిదుగురు కార్మికురాళ్ళు కోర్టుకెక్కారు. 1928లో కంపెనీ రాజీకి దిగివచ్చి పరిహారం ఇచ్చింది.

వైద్యం గురించి చెబుతానని ఈ విషాదగాథ ఎత్తుకున్నారేమిటని అనుకుంటున్నారు కదూ! కారణం ఉంది. రేడియం కాల్షియానికి దాయాది. పాలలో ఉండే కాల్షియాన్ని మన ఎముకలు ఎలా ఆదరంగా పట్టుకుంటాయో, పోల్చుకోలేక రేడియాన్నీ అలాగే పట్టుకుని దాచుకుంటాయి. ఆ పిల్లల ఎముకలు గుల్లబారింది అందుకే. మరి ఇదే గుణాన్ని మేలుకు వాడుకోలేమా అని తర్వాతి తరాల శాస్త్రజ్ఞులు ఆలోచించారు. మగవాళ్ళకు వచ్చే ప్రోస్టేటు గ్రంథి కేన్సరు ఎముకలకు పాకితే, అక్కడికి దారి ఎరిగిన మందు రేడియమే గదా! 2013లో అమెరికా ప్రభుత్వం రేడియం-223 అనే ఇంజక్షనును ఆ జబ్బుకు అనుమతించింది. ఎముక దగ్గరికి పోవడం అదే, కిరణాలు విడవడం అదే. తేడా అంతా మోతాదులోనూ, ఆయుర్దాయంలోనూ ఉంది.

ఆయుర్దాయం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఒకే లోహంలో బరువు తేడాతో కొన్ని రకాలుంటాయి. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు. పేరు పక్కన వేసే అంకె ఆ బరువును చెబుతుంది. రేడియోధార్మిక లోహం ఎంతయినా తీసుకోండి, అందులో సగం కిరణాలు విడిచి వేరే పదార్థంగా మారిపోవడానికి ఒక నిర్ణీత కాలం పడుతుంది. దాన్ని అర్ధాయువు అంటారు. గడియారాలకు పూసిన రేడియం-226 అర్ధాయువు 1600 ఏళ్ళు. అంటే మనిషి పోయినా, సమాధి శిథిలమైనా అది ఎముకల్లో కిరణాలు విడుస్తూనే ఉంటుంది. రేడియం-223 అర్ధాయువు సుమారు 11 రోజులు. తన పని చేసి, కొద్ది నెలల్లో దాదాపు కనుమరుగైపోతుంది.

రేడియాన్ని 1898లో కనిపెట్టినవారు మేరీ క్యూరీ, ఆమె భర్త పియరీ. ఆమె పేరు వినని ఇల్లాలు ఉండదు. అయితే ఒక సంగతి చాలామందికి తెలియదు. తాను కనిపెట్టిన రేడియమే పరిశోధనకు చాలినంత కొనుక్కునే స్తోమత ఆమెకు లేకపోయింది. అప్పట్లో ఒక గ్రాము ధర లక్ష డాలర్లు. అమెరికాలో ఒక మహిళా పత్రికకు సంపాదకురాలైన మిస్సీ మెలోనీ అనే ఆవిడ ఈ మాట విని ఊరుకోలేక, దేశమంతటా స్త్రీల దగ్గర చందాలు పోగుచేసింది. 1921లో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ చేతులమీదుగా ఆ గ్రాము రేడియం మేరీ క్యూరీకి అందింది. ఆడవాళ్ళ పత్రికలంటే వంటలూ అల్లికలేగదా అని ముక్కు విరిచేవాళ్ళకు ఈ కథ ఒకసారి వినిపించండి.

రేడియంతో వైద్యం మాత్రం అంతకుముందే మొదలైంది. 1903లోనే న్యూయార్కులో మార్గరెట్ క్లీవ్స్ అనే లేడీ డాక్టరు గర్భాశయ ముఖద్వార కేన్సరుకు రేడియం వాడి చూసింది. ఆ జబ్బుకు ఈ రకం వైద్యం ఇవాళ్టికీ ఆధారంగా నిలిచి ఉంది. మన దేశంలో ఆడవాళ్ళకు ఎక్కువగా వచ్చే కేన్సర్లలో రొమ్ము కేన్సరు తర్వాత స్థానం దీనిదే కాబట్టి, ఇక్కడ కొంచెం ఆగుతాను. పాత రోజుల్లో రేడియం నింపిన సన్నని గొట్టాలను లోపల అమర్చి, రోగిని రోజుల తరబడి ఒంటరి గదిలో పడుకోబెట్టేవారు. నర్సులు కూడా దగ్గరికి రావడానికి వెనుకాడేవారు. తర్వాత సీజియం వచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల ఇరీడియం-192 వాడుతున్నారు. వడ్లగింజ కన్నా చిన్నదైన ఇరీడియం ముక్క ఒక తీగ చివర ఉంటుంది. మామూలుగా అది మందపాటి లోహపు పెట్టెలో దాగి ఉంటుంది. చికిత్స వేళ యంత్రం ఆ తీగను గొట్టంలోంచి కణితి దగ్గరికి పంపి, కొన్ని నిమిషాలుంచి, మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది. రోగి ఒంట్లో ఏమీ మిగలదు. ఇరీడియం అర్ధాయువు 74 రోజులు గనుక మూడు నాలుగు నెలలకోసారి ఆస్పత్రివాళ్ళు కొత్త ముక్క తెప్పించుకోవాలి.

ఇలాంటిదే కంటికి వాడే రుథీనియం-106. చిన్న గిన్నె మూతలా వంపు తిరిగిన పలకను కనుగుడ్డు వెనక కణితి ఉన్నచోట కుట్టి, లెక్క ప్రకారం కొన్ని గంటలో రోజులో ఉంచి తీసేస్తారు. కన్ను తీసేయవలసిన అవసరం చాలామందికి తప్పుతుంది. మన భాభా అణు పరిశోధన కేంద్రంవారు రియాక్టరులో వాడేసిన ఇంధనపు వ్యర్థాల నుంచే ఈ రుథీనియాన్ని వేరుచేసి పలకలు తయారుచేశారు. పారేయవలసిన దాంట్లోంచి కంటివెలుగు తీశారన్నమాట. పసిపిల్లల కంటిపాప ఎప్పుడైనా, ముఖ్యంగా ఫొటోల్లో, పిల్లికన్నులా తెల్లగా మెరిస్తే రేపు మాపు అనకుండా కంటి డాక్టరుకు చూపించండి. కంటి కేన్సరుకు అది తొలి గుర్తు కావచ్చు.

దూరం నుంచి కిరణాలు ప్రసరింపజేసే యంత్రాల సంగతి మీకు తెలిసిందే. మనవాళ్ళు దాన్ని “కరెంటు పెట్టడం” అంటారు. అందులోది కరెంటు కాదు. చాలాకాలం కోబాల్టు-60 అనే లోహం ఆ పని చేసింది, ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో విద్యుత్తుతో కిరణాలు పుట్టించే యంత్రాలు వచ్చాయి. ఏదైనా సరే, యంత్రం ఆపగానే కిరణాలు ఆగుతాయి. లైటు ఆర్పేస్తే గదిలో వెలుతురు మిగులుతుందా? అలాగే రోగి ఒంట్లో కూడా ఏమీ మిగలదు. మా వీధిలో ఒక పెద్దావిడకు రొమ్ము కేన్సరుకు కరెంటు పెట్టించి తీసుకొచ్చారు. కోడలు ఆమెకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టింది. మనవణ్ణి గది గుమ్మం దాటనివ్వలేదు. కోడలు చెడ్డది కాదు, పిల్లవాడికేమవుతుందోనని ప్రాణభయం. ఆరువారాలు చికిత్సకు తిరిగిన అలసట కంటే ఆ వేరుకంచమే ఆవిణ్ణి ఎక్కువ కుంగదీసింది. ఆ దూరం పెట్టడానికి కారణం బొత్తిగా లేదు. ఈ ముక్క ఆస్పత్రిలో ఎవరైనా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే సరిపోయేది.

ఇక కొత్త సంగతులు. యంత్రంతో బయటినుంచి కొట్టాలంటే కణితి ఎక్కడుందో తెలియాలి, అది ఒకచోటే ఉండాలి. జబ్బు నలుమూలలకూ పాకితే ఎన్నిచోట్లని కొడతారు? అందుకని లోహాన్ని రక్తంలోకే ఎక్కించి, జబ్బు ఎక్కడుంటే అక్కడికి అదే వెతుక్కుంటూ పోయేట్టు చేయడం ఈనాటి పరిశోధనల ముఖ్య ధోరణి. థైరాయిడుకు 1941 నుంచీ ఇచ్చే రేడియో అయొడిన్ ఈ దారిలో మొదటి అడుగు. అయొడిన్ లోహం కాదు, పైగా దానికి థైరాయిడు దారి పుట్టుకతోనే తెలుసు. రేడియానికి ఎముక దారి తెలుసు. మిగతా లోహాలకు ఏ దారీ తెలియదు. వాటికి దారి చూపించాలి.

ఆ దారి చూపే ఉపాయం ఇలా ఉంటుంది. కొన్ని కేన్సరు జీవకణాల మీద ప్రత్యేకమైన గడపలుంటాయి. ఆ గడపకు సరిగ్గా అతుక్కునే చిన్న పదార్థాన్ని తయారుచేస్తారు. అది చిరునామా తెలిసిన మనిషి. దాని కొసకు డోటా అనే ఉంగరంలాంటి పదార్థాన్ని తగిలిస్తారు. మన ఉట్టి కుండను నలువైపులా ఎలా పట్టి ఉంచుతుందో, డోటా లోహపు అణువును అలా చుట్టిపట్టి జారిపోకుండా ఉంచుతుంది. ఉట్టిలో ఏ లోహం పెట్టాలన్నది మన ఇష్టం. ఉట్టి జారిందో, లోహం ఎముకల్లోకో మరోచోటికో పోయి కూర్చుంటుంది. అందుకే కొత్త లోహం వచ్చినప్పుడల్లా దానికి తగిన ఉట్టిని అల్లడమే రసాయన శాస్త్రజ్ఞులకు పెద్ద పని.

ఇందులో మరో సొగసు ఉంది. అదే ఉట్టిలో ముందు గాలియం-68 పెట్టి పంపుతారు. గాలియం చిత్రమైన లోహం. అరచేతిలో పెట్టుకుంటే ఆ వేడికే కరిగిపోతుంది. గాలియం-68 అర్ధాయువు 68 నిమిషాలే. అంత కొద్దిసేపు ఉండేదాన్ని ఆస్పత్రికి ఎలా తెస్తారంటారా? దాని తల్లి జెర్మేనియం-68ని తెచ్చి పెట్టుకుంటారు. తల్లి అర్ధాయువు 271 రోజులు. తల్లిలోంచి పుట్టిన గాలియాన్ని ఎప్పటికప్పుడు ద్రవంతో కడిగి తీసుకుంటారు. శాస్త్రజ్ఞులు తమలో తాము ఈ పరికరాన్ని ఆవు అనీ, ఈ పనిని పాలు పితకడం అనీ పిలుచుకుంటారు, నేను కల్పించింది కాదు! ఈ గాలియం ఎక్కడెక్కడ చేరిందో స్కానులో దీపాల్లా కనిపిస్తుంది. కణితులన్నీ వెలిగితే చిరునామా సరైనదే. అప్పుడు అదే ఉట్టిలో గాలియానికి బదులు చంపే లోహాన్ని పెట్టి పంపుతారు. వెలగకపోతే ఈ వైద్యం ఆ మనిషికి పనికిరాదు, డబ్బూ ఆశా రెండూ వృథా చేసుకోనక్కరలేదు. చూసి కొట్టడం అంటే ఇదే.

చంపే లోహాల్లో ఇప్పుడు ముందున్నది లుటీషియం-177. పారిస్ నగరపు ప్రాచీన నామం లుటీషియా నుంచి దీనికా పేరు వచ్చింది. దీని అర్ధాయువు సుమారు ఆరున్నర రోజులు. ఈ సోమవారం 16 పాళ్ళుంటే వచ్చే సోమవారానికి 8 పాళ్ళ లోపు, ఆపై సోమవారానికి 4 లోపు. రియాక్టరు నుంచి ఊళ్ళు దాటి ఆస్పత్రికి చేరే వ్యవధి ఉంటుంది, ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండిపోదు. సరిగ్గా మనకు కావలసిన ఆయుష్షు. దీని బీటా కిరణాలు ఒంట్లో మహా అయితే 2 మిల్లీమీటర్లు, నువ్వుగింజ వెడల్పు మేర, పోయి ఆగిపోతాయి. ఆ దూరంలో ఉన్న జీవకణాల్లో డి.ఎన్.ఎ. పోగులను తెంపుతాయి. దాంతో అవి పెరగలేక నశిస్తాయి.

ఫలితం ఎంత? ఇక్కడే మనం జాగ్రత్తగా వినాలి. పేగుల్లో, క్లోమంలో వచ్చే న్యూరోఎండోక్రైన్ కణితులనే అరుదైన జబ్బు ఉంది. 2017లో ప్రచురించిన పరీక్షలో 229 మంది రోగులను రెండు జట్లుగా చేశారు. 20 నెలల నాటికి వ్యాధి ముదరకుండా నిలిచినవారు లుటీషియం జట్టులో నూటికి 65 మంది అని అంచనా వేశారు. పాత ఇంజక్షను ఎక్కువ మోతాదులో తీసుకున్న జట్టులో నూటికి 11 మందే. ఇది మంచి ఫలితం. 2018లో అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది. ముదిరిన ప్రోస్టేటు కేన్సరు మీద 2021లో వెలువడ్డ పరీక్ష సంగతి చూడండి. అందులో 831 మంది మగవాళ్ళు. లుటీషియం అందుకున్నవారి ఆయుష్షు మధ్యస్థంగా 15.3 నెలలు, అందుకోనివారిది 11.3 నెలలు. అన్ని మందులూ అయిపోయినవాళ్ళకు నాలుగు నెలలు చిన్న సంగతి కాదు. కూతురి పెళ్ళి చూడగలిగే నాలుగు నెలలు కావచ్చు. కానీ పత్రికల్లో “కేన్సరును కూకటివేళ్ళతో పెకలించే అద్భుతం” అని రాస్తే మాత్రం నమ్మకండి. ఆ మాట నమ్మి పుస్తెలూ పొలమూ అమ్ముకునేముందు, తమ విషయంలో ఎంత మేలు ఆశించవచ్చో డాక్టరును సూటిగా అడగాలి.

మన దేశానికి ఇందులో స్వయంకృషి ఉంది. ముంబాయి దగ్గర ట్రాంబేలో 1985లో మొదలైన ధ్రువ రియాక్టరులో లుటీషియం-177 తయారవుతోంది. హైదరాబాదుతో సహా మన పెద్ద నగరాల్లో ఈ చికిత్స చేస్తున్నారు. ట్రాంబే శాస్త్రజ్ఞులు అదే లుటీషియాన్ని ఎముకకు అతుక్కునే మరో పదార్థంతో కలిపి నొప్పి తగ్గించే ఇంజక్షను కూడా రూపొందించారు. ఇది ఆడవాళ్ళకూ పనికొచ్చే సంగతి. రొమ్ము కేన్సరు ఎముకలకు పాకినప్పుడు వచ్చే నొప్పి రాత్రుళ్ళు కన్ను మూయనివ్వదు. స్ట్రాన్షియం-89, సమేరియం-153 అనే లోహాలను కూడా విదేశాల్లో 1990ల నుంచీ ఇందుకు వాడారు. జబ్బును ఇవి నయం చేయవు, నొప్పిని చాలామందికి తగ్గిస్తాయి. రోగికి అదే పెద్ద వరం.

కాలేయపు కణితులకు యిట్రియం-90 ఉంది. దాన్ని అతి సన్నని పూసల్లో నింపి కాలేయానికి పోయే రక్తనాళంలోకి వదులుతారు. పూసలు కణితి దగ్గరి సన్నని నాళాల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. దీని కిరణాల పరుగు లుటీషియం కంటే ఎక్కువ, ఒక సెంటీమీటరు వరకు ఉంటుంది. కాబట్టి పెద్ద కణితికి మేలు.

ఇప్పుడు పరిశోధనశాలల్లో ఎక్కువగా వినిపిస్తున్న పేరు ఆక్టీనియం-225. ఇది ఆల్ఫా కిరణాలు విడిచే జాతి. బీటాను బెత్తం అనుకుంటే ఆల్ఫా రోకలి. పోయేది తలవెంట్రుక మందమంత దూరమే, కొన్ని జీవకణాల మేర. కానీ తగిలినచోట డి.ఎన్.ఎ. రెండు పోగులూ ఒకేసారి తెగుతాయి. తెగిన ఒక పోగును జీవకణం బాగుచేసుకోగలదు, రెండూ తెగితే అతుక్కోవడం కష్టం. పైగా ఒక్క ఆక్టీనియం అణువు, అంచెలంచెలుగా మారుతూ, నాలుగు ఆల్ఫా కిరణాలు విడుస్తుంది. 2016లో జర్మనీలో హైడెల్‌బెర్గ్ డాక్టర్లు దీన్ని ప్రోస్టేటు కేన్సరు బాగా ముదిరిన ఇద్దరికి ఇస్తే, తర్వాతి స్కానుల్లో కణితుల జాడే కనిపించలేదు. ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది. ఇద్దరి ఫలితం చూసి అందరికీ అంతే అనుకోవడం పొరపాటు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ డాక్టర్లు కూడా న్యూరోఎండోక్రైన్ కణితుల రోగుల్లో, లుటీషియం పని చేయడం ఆగిపోయినవారితో సహా, ఆక్టీనియం వాడి 2020లో తొలి అనుభవాలు ప్రకటించారు.

రోకలి దెబ్బకు ఇబ్బందులూ ఉన్నాయి. ప్రోస్టేటు చిరునామాతో పంపిన మందు కొంత లాలాజల గ్రంథుల్లోకి కూడా చేరుతుంది. నోరెండిపోతుంది. అన్నం ముద్ద దిగదు, ఊరగాయ నాలుకకు తగిలితే మంట. ఆ బాధ తట్టుకోలేక మందు మానేసినవాళ్ళున్నారు. రెండో చిక్కు, తుపాకీ పేలితే భుజాన్ని వెనక్కి తన్నినట్టు, ఆల్ఫా విడిచిన అణువు ఆ ఊపుకు ఉట్టి తెంపుకుని బయటపడుతుంది. దానికి పుట్టిన కూతురు లోహాలు చిరునామా లేకుండా రక్తంలో తిరిగి మూత్రపిండాలకు చేరవచ్చు. ఈ రెండింటినీ తగ్గించే మార్గాల కోసమే ఇప్పుడు పరిశోధనల్లో చాలా భాగం జరుగుతోంది.

మూడో చిక్కు సరుకు దొరక్కపోవడం. పాత అణు కార్యక్రమాల్లో మిగిలిన యురేనియం-233 నుంచి వచ్చే థోరియం-229ను కొద్ది దేశాలే దాచుకున్నాయి. ఆక్టీనియం చాలాకాలం దాంట్లోంచే పితికారు. 2024లో అమెరికాలో ఒక సంస్థ ఆక్టీనియం చాలక, తన పరీక్షలో కొత్త రోగులను చేర్చుకోవడం కొంతకాలం ఆపింది. మరో దారి ఉంది. రేడియం-226ను యంత్రాల్లో పెట్టి కణాలతో కొడితే ఆక్టీనియం-225గా మారుతుంది. మరి ఆ రేడియం ఎక్కడిది? ఒకప్పుడు గర్భాశయ కేన్సరుకు వాడి, తర్వాత ప్రమాదమని పక్కన పెట్టేసిన పాత సూదులూ గొట్టాలూ ఎన్నో దేశాల ఆస్పత్రుల గోదాముల్లో పడి ఉన్నాయి. 1600 ఏళ్ళ అర్ధాయువు గలది వందేళ్ళకు ఎంత తరుగుతుంది? అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2021లో ఒక పథకం మొదలుపెట్టి, ఆ పాత రేడియాన్ని ఒద్దనుకున్న దేశాల నుంచి ఆక్టీనియం చేయగల దేశాలకు చేర్పిస్తోంది. అమ్మమ్మ పెట్టెలో పడివున్న పాత వెండిని కరిగించి మనవరాలికి కొత్త సొమ్ము చేయించినట్టుంది.

సీసం-212 కూడా పరీక్షల్లో ఉంది. దీని వంశం పట్టుకుని పైకి పోతే మూలపుటమ్మ థోరియం-232. ఆ థోరియం శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలోని మోనజైటులో ఉంది. మన దేశపు మోనజైటు నిల్వల్లో అన్నిటికన్నా పెద్ద వాటా ఆంధ్ర తీరానిదే. అంతమాత్రాన భీమిలి ఇసుక మూటకట్టుకొచ్చి ఒంటికి పట్టించుకోమని ఎవరైనా చెబితే వినేరు! ఇసుకలోంచి థోరియం, దాంట్లోంచి వరసగా కూతుళ్ళూ మనవరాళ్ళూ దిగి, కడపట సీసం-212 చేతికందడానికి పెద్ద కర్మాగారం కావాలి. ఫ్రాన్సులో అలాంటిది నడుస్తోంది. సీసం-212 అర్ధాయువు పదిన్నర గంటలే కాబట్టి ఉదయం పితికింది సాయంత్రంలోగా వాడుకోవాలి, పాల మాదిరే. టెర్బియం-161 అని ఇంకొకటి, లుటీషియానికి చెల్లెలు వంటిది, బీటాతోపాటు మరింత పొట్టిపరుగు కిరణాలు కూడా విడుస్తుంది. స్విట్జర్లాండులో దాన్ని తయారుచేశారు, ఆస్ట్రేలియాలో రోగులకిచ్చి పరీక్షించారు.

ఇన్నీ మగవాళ్ళ జబ్బులకేనా, రొమ్ము కేన్సరుకు లేవా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. రొమ్ము కేన్సరులో అందరికీ సరిపోయే గడప ఒకటి దొరకలేదు. కొందరి కణితుల మీద ఉండే హెర్-2 అనే గడపకూ, కణితి చుట్టూ అల్లుకునే కణజాలానికీ గురిపెట్టి లోహాలు పంపుతున్నారు. అవన్నీ ఇంకా పరీక్షల దశలోనివే, మామూలు చికిత్సగా ఎవరైనా అమ్మజూపితే అనుమానించండి. గర్భాశయ ముఖద్వారానికి మాత్రం పైన చెప్పిన ఇరీడియం వైద్యం ఎప్పటినుంచో రుజువైనది.

ఇక ఇంటి సంగతి. లుటీషియంలాంటిది రక్తంలోకి ఎక్కించినప్పుడు, కరెంటు పెట్టడంలా కాదు, కొన్నాళ్ళు రోగి ఒంట్లో లోహం ఉంటుంది. కణితికి అతుక్కోని భాగంలో ఎక్కువ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది. అందుకే డాక్టరు వద్దనకపోతే నీళ్ళూ మజ్జిగా బాగా తాగించాలి. మరుగుదొడ్డిలో మగవాళ్ళయినా కూర్చునే మూత్రం పోయాలి, రెండుసార్లు నీళ్ళు వదలాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ కొన్ని రోజులూ రోగి బట్టలూ తువ్వాళ్ళూ పక్కదుప్పట్లూ విడిగా ఉతకాలి. పడక వేరుగా ఉండాలి.

దగ్గర కూర్చుని సేవ చేయకూడదా అంటే, తప్పకుండా చేయవచ్చు. అన్నం పెట్టవచ్చు, మందు ఇవ్వవచ్చు, చేయి పట్టి నడిపించవచ్చు. గంటల తరబడి ఆనుకుని కూర్చోకుండా, ముచ్చట్లు ఒక మీటరు ఎడంగా కూర్చుని చెప్పుకుంటే చాలు. దూరం రెట్టింపయితే తగిలే కిరణాలు నాలుగో వంతుకు తగ్గుతాయి. గర్భిణులూ చిన్నపిల్లలూ మాత్రం మరికొన్ని రోజులు దూరంగా ఉండాలి. ఎన్నాళ్ళన్నది లోహాన్ని బట్టీ, మోతాదును బట్టీ ఆస్పత్రివాళ్ళు కాగితం మీద రాసి ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి ఏ తేదీ నుంచి వీలవుతుందో కూడా ఆ కాగితంలోనే వేయించుకోండి. అలా ఉంటే ఆ రోజు వచ్చాక ఇంట్లో ఎవరూ జంకనక్కరలేదు. బిడ్డలు కనే వయసు స్త్రీకి ఈ మందులిచ్చే ముందు గర్భం లేదని పరీక్ష చేస్తారు, తర్వాత కొన్ని నెలలు గర్భం రాకుండా చూసుకోమంటారు. పాలిచ్చే తల్లి అయితే ఆ సంగతి తానే ముందుగా చెప్పాలి.

ఆ కాగితాన్ని కొన్ని వారాలపాటు చేతిసంచిలో ఉంచుకోవడం మంచిది. విమానాశ్రయాల్లో రేడియోధార్మికతను పసిగట్టే యంత్రాలుంటాయి. ఒంట్లో మిగిలిన కొద్దిపాటి లోహానికే అవి మోగవచ్చు, అప్పుడు కాగితం చూపిస్తే సరిపోతుంది.